వైజాగ్–భీమిలి తీరంలో ఒక రోజు: ముందు కయాక్, తర్వాతే కొండ

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. డిసెంబరు రెండో శనివారం, హైదరాబాద్ నుంచి నలుగురు పెద్దవాళ్లు, పదకొండేళ్ల పాప. పొద్దున పాత బౌద్ధ ఆరామం ఉన్న తొట్లకొండ ఎక్కుతారు. మధ్యాహ్నం భోంచేసి, మూడింటికి రుషికొండ బీచ్‌లో కయాక్‌లు (తెడ్డుతో నడిపే చిన్న పడవలు) తీసుకుని తీరం వెంబడే భీమిలి దాకా వెళ్తారు. అక్కడ సముద్రంలో సూర్యాస్తమయం చూసి కారులో వెనక్కి వస్తారు. మీలో ఇద్దరికి ఈత రాదు. ఈ ప్లాన్ కుదురుతుందా అన్నది మీ ప్రశ్న.

ఉన్నదున్నట్టుగా అయితే కుదరదు. తలకిందులు చేస్తే భేషుగ్గా కుదురుతుంది. పొద్దున్నే సముద్రం, తర్వాత తొట్లకొండ, సాయంత్రం ఎర్రమట్టి దిబ్బల్లో నడక. భీమిలి దాకా కయాక్ మాత్రం మానేయండి. రుషికొండలోనే గంటో గంటన్నరో తిరిగి, ఎక్కిన చోటే దిగండి. ఇంకో మాట, భీమిలిలో సూర్యుడు సముద్రంలోకి దిగడు. మనది తూర్పు తీరం, పొద్దు గుంకేది మీ వీపు వెనక కొండల వైపు. సముద్రం మీద చూడాలంటే సూర్యోదయమే చూడాలి. పొద్దున్నే నీళ్లలోకి దిగమనడానికి అదొక కారణం. అసలు కారణం గాలి.

రాత్రంతా నేల చల్లబడుతుంది, సముద్రం అంత త్వరగా చల్లబడదు. అందుకే తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. ఆ వేళ నీళ్లు నూనె పోసినట్టు ఉంటాయి. ఎండెక్కేకొద్దీ ఆ గాలి చచ్చిపోతుంది, కాసేపు ఏ గాలీ ఉండదు, పది పదకొండు దాటాక సముద్రం మీంచి ఒడ్డుకి వీచడం మొదలవుతుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలకి అది బాగా బలపడుతుంది, నీటి మీద తెల్లటి నురగలు కనిపిస్తాయి. అంటే మీరు ఎంచుకున్న మూడు గంటల సమయం రోజు మొత్తంలో కయాక్‌కి పనికిరాని సమయం.

డిసెంబరులో దీనికి ఇంకో రెండు తోడవుతాయి. ఒకటి ఈశాన్య రుతుపవనం. మన తీరం నిట్టనిలువుగా ఉత్తర దక్షిణాలుగా ఉండదు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది. రుషికొండ నుంచి భీమిలి వెళ్లడమంటే దాదాపు ఈశాన్యం వైపు వెళ్లడమే, గాలి మొహానికి కొడుతుంది. రెండోది ప్రవాహం. మన తూర్పు తీరం వెంబడి సముద్ర ప్రవాహం ఏడాదిలో రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరం వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణం వైపు. ఒడ్డు దగ్గర దాని బలం తక్కువే, కానీ ఉన్న కాస్తా మీకు ఎదురే. కొత్తగా తెడ్డు పట్టినవాళ్లు ప్రశాంతమైన నీళ్లలో గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు పోతారు. భీమిలి దాదాపు పదిహేను కిలోమీటర్లు. గాలికి ఎదురుగా అయితే ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి. డిసెంబరు మధ్యలో విశాఖలో సూర్యాస్తమయం ఐదున్నరలోపే అయిపోతుంది.

పోనీ సగంలో ఆగిపోదాం అనుకున్నా, ఎక్కడపడితే అక్కడ దిగడానికి అది చెరువు గట్టు కాదు. మంగమారిపేట చుట్టుపక్కల నీళ్లలో రాళ్లున్నాయి. మిగతా చోట్ల ఇసుకే ఉన్నా, కెరటాలు ఒడ్డుకి దగ్గరగా వచ్చి ఒక్కసారిగా విరుగుతాయి. కయాక్ నడపడంలో కష్టమంతా ఒడ్డుకి చేరే ఆ ఆఖరి ముప్పై మీటర్లలోనే ఉంటుంది. అలసిపోయి, చీకటి పడుతుండగా, తెలియని చోట ఆ పని చేయకూడదు. ఈ దూరం వెళ్లేవాళ్లు లేకపోలేదు. వాళ్లకి సముద్రపు కయాక్‌లు వేరే ఉంటాయి, వెంట మోటారు పడవ ఉంటుంది, కెరటాల్లో దిగడం బాగా అలవాటై ఉంటుంది.

కాబట్టి రుషికొండ. వైజాగ్ బీచ్‌లలో కొత్తవాళ్లు నీళ్లలోకి దిగడానికి కాస్త నయమైనది అదే. 2020లో దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చిన ఎనిమిది బీచ్‌లలో ఇదొకటి, ఈతకి వేరే హద్దులు గీసి ఉంటారు, లైఫ్‌గార్డులు ఉంటారు. ఊళ్లోని ఆర్కే బీచ్ మీ హోటల్‌కి దగ్గర కదా అని అక్కడ స్నానానికి దిగకండి. అక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. ఏటా పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాల వార్తలు అక్కడి నుంచే ఎక్కువ వస్తాయి.

రుషికొండలో కయాక్ ఇచ్చేవాళ్ల దగ్గర ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి. రేటు ఎంతని అడిగేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. పొద్దున ఆరున్నరకి దింపుతారా? నీళ్లలో మా పక్కన గైడ్ తన కయాక్‌లో వస్తాడా, లేక ఒడ్డునుంచి ఈల వేస్తాడా? పాప సైజు లైఫ్ జాకెట్ ఉందా? సముద్రం బాగోలేకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా? ఆఖరి ప్రశ్నకి వచ్చే జవాబే అన్నిటికన్నా ముఖ్యం. డబ్బు వెనక్కి ఇవ్వనివాడు బాగోలేని సముద్రంలోకి కూడా దింపేస్తాడు. తొమ్మిదికి ముందు రావడం కుదరదంటే ఇంకొకర్ని వెతకండి.

ఇప్పుడు పడవ సంగతి. ఇక్కడ దొరికేవి ఎక్కువగా పైన కూర్చునే రకం ప్లాస్టిక్ కయాక్‌లు. వాటి అడుగున చిల్లులుంటాయి. మొదటిసారి చూసినవాళ్లు పడవకి చిల్లేంటి అని కంగారు పడతారు. పైకొచ్చిన నీళ్లు అందులోంచే దిగిపోతాయి, అవి ఉండాల్సినవే. కాళ్లు లోపల ఇరుక్కోవు కాబట్టి బోల్తా పడితే పక్కకి జారి నీళ్లలో పడతారు, అంతే. ఈత రానివాళ్లకి ఈ రకమే మంచిది.

మీ ఐదుగురికీ నేనైతే ఇలా సర్దుతాను. ఈత వచ్చినవారు ఒకరు, రానివారు ఒకరు చొప్పున రెండు జోడీ కయాక్‌లు, మూడోదాంట్లో ముందు పాప, వెనక గైడ్. ఈత రాని ఇద్దరినీ ఒకే పడవలో ఎక్కించకండి. ఆలుమగలు ఇద్దరూ ఒకే పడవ అని పట్టుబడితే ముందు కాసేపు పోట్లాడుకోవడానికి సిద్ధపడండి. ఎందుకంటే జోడీ కయాక్‌లో ముందున్నవారు లయ పట్టాలి, వెనకున్నవారు ఆ లయని చూసి వేయాలి, పడవని తిప్పేది వెనకవారే. ముందు కూర్చుని వెనక్కి తిరిగి సలహాలు ఇచ్చేవాళ్లతో పడవ గుండ్రంగా తిరుగుతుంది. పాప గైడ్‌తో ఎలా వెళ్తుందా అని మీకు టెన్షన్ ఉంటుంది. నేను చూసినంతలో పిల్లలు నీళ్లు దాటిన రెండో నిమిషానికి పాటలందుకుంటారు, భయమంతా పెద్దవాళ్లకే.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక జిప్పు, బెల్టులు అన్నీ బిగించి, ఇంకొకర్ని రెండు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే అది వదులు, నీళ్లలో పడినప్పుడు మీరు కిందికి జాకెట్ పైకి పోతుంది. మార్చమనండి. మొహమాటం వద్దు. ఫొటో కోసం బెల్టు విప్పడం కూడా వద్దు.

కెరటాలు దాటడం గురించి కాస్త వివరంగా చెప్తాను, గైడ్ హడావుడిలో చెప్పకపోవచ్చు. ఒడ్డున నిలబడి పది నిమిషాలు ఊరికే చూడండి. కెరటాలన్నీ ఒకే సైజులో రావు. నాలుగైదు పెద్దవి వరసగా వచ్చి పడతాయి, తర్వాత కాసేపు తెరిపి ఇస్తుంది, అప్పుడు చిన్నవే వస్తాయి. ఎప్పుడు తెరిపి ఇస్తుందో రెండు మూడు సార్లు చూసుకున్నాక, ఆఖరి పెద్ద కెరటం విరిగి నురగ వెనక్కి మళ్లుతుండగా పడవని మోకాలి లోతుకి తోసి ఎక్కాలి. ఎక్కాక సర్దుకుని కూర్చోవడం, చెప్పులు వెతుక్కోవడం ఉండకూడదు, వెంటనే తెడ్డు వేయాలి. పడవ ముక్కు కెరటానికి సూటిగా ఉండాలి. కెరటం దగ్గరికి వచ్చినప్పుడు చాలామంది భయంతో తెడ్డు పైకెత్తి ఆగిపోతారు. ఆగిన పడవని కెరటం అడ్డంగా తిప్పేస్తుంది, అడ్డంగా తిరిగిన పడవ బోల్తా పడుతుంది. కెరటం మీదికి వస్తుంటే ఒంటిని ముందుకి వంచి ఇంకా గట్టిగా తెడ్డు వేయాలి. మొహం మీద బకెట్ నీళ్లు కొట్టినట్టు పడతాయి, పడవ ముక్కు పైకి లేచి ఠప్పున కింద పడుతుంది, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. విరిగే చోటు దాటేశారన్నమాట. అక్కడ నీళ్లు ఊయలూపుతాయి తప్ప విరగవు.

దాటాక తెడ్డు ఎలా వేయాలో గైడ్‌ని చూసి పట్టేస్తారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, చేతులతో లాగొద్దు. నడుము తిప్పి వేయండి, నీళ్లలో ఉన్న చేత్తో లాగడం కన్నా పైనున్న చేత్తో తోయడం మీద దృష్టి పెట్టండి. తెడ్డుని వేళ్లతో వదులుగా పట్టుకోవాలి, పిడికిలి బిగిస్తే అరగంటకే బొటనవేలి సందులో బొబ్బలు వస్తాయి.

పొద్దుటి నేల గాలితో ఒక మోసం ఉంది. నీళ్లు నున్నగా ఉంటాయి, ఎవరూ తెడ్డు వేయకపోయినా పడవ మెల్లగా లోపలికి జారిపోతూ ఉంటుంది, తెలియదు. ఫొటోలు తీసుకుంటూ పది నిమిషాలు ఆగితే ఒడ్డు అనుకున్నదానికన్నా చాలా దూరం అయిపోతుంది. దీనికి జాలర్లు వాడే ఉపాయమే వాడండి. ఒడ్డున రెండు గుర్తులు ఎంచుకోవాలి, ఒకటి దగ్గరది, ఒకటి దాని వెనక దూరంగా ఉన్నది. బీచ్ దగ్గరి ఒక స్తంభం, దాని వెనక కొండ మీది ఒక భవనం అనుకోండి. రెండూ ఒకే వరసలో కనిపిస్తున్నంతసేపూ మీరు తీరం వెంట పక్కకి కొట్టుకుపోలేదు. విడిపోతే కొట్టుకుపోతున్నారు. ఇంకో రెండు గుర్తులు తీరం వెంబడి పక్క దిక్కున పెట్టుకుంటే లోపలికి ఎంత జారారో తెలుస్తుంది. తీరం వెంట వెళ్లేటప్పుడు ప్రవాహానికి ఎదురుగా, అంటే ముందు కష్టమైన వైపు వెళ్లండి, వచ్చేటప్పుడు సులువుగా రావొచ్చు. ఒడ్డుకి రెండు మూడు వందల మీటర్లు దాటి లోపలికి పోవాల్సిన పని మీకు లేదు. అక్కణ్ణుంచే అప్పుడే సముద్రంలోంచి లేచిన సూర్యుడు, ఒడ్డు వైపు తిరిగితే కొండల మీద తొలి ఎండ రెండూ కనిపిస్తాయి. డిసెంబరు మధ్యలో సూర్యోదయం ఆరుంబావు దాటాక.

బోల్తా పడితే చేయాల్సింది: పడవనీ తెడ్డునీ వదలకండి. పడవ తిరగబడి ఉంటే అవతలి అంచు పట్టుకుని మీ వైపు లాగి సరిచేయండి. తర్వాత మధ్యభాగం దగ్గర చేతులు పైకి పెట్టి, కాళ్లు నీటి మీదికి తేలేలా గట్టిగా తన్నుతూ పొట్ట మీద పడవపైకి జారండి. ముందు బోర్లా, తర్వాత తిరిగి కూర్చోవడం. కెరటాలు విరిగే చోటు దాటాక, గైడ్ పక్కనుండగా ఒక్కసారి కావాలని పడి ఎక్కి చూడండి. ముఖ్యంగా ఈత రాని ఇద్దరూ. ఒకసారి పడి, జాకెట్ తేలుస్తుందని ఒంటికి తెలిశాక ఆ మనిషి భయంతో బిగుసుకుపోవడం ఆగిపోతుంది, అప్పుడే సరదా మొదలవుతుంది.

తిరిగి ఒడ్డుకి వచ్చేటప్పుడు కూడా తెరిపి కోసం ఆగాలి. పెద్దవి వెళ్లిపోయాక, ఒక చిన్న కెరటం వీపు పట్టుకుని దాని వెనకే రావాలి, దాని ముందు కాదు. పడవ అడ్డం తిరిగితే ఒడ్డు వైపు వంగకండి, కెరటం వచ్చే వైపు వంగి తెడ్డుని దాని మీద ఆనించండి. దిగేటప్పుడు పడవకీ ఒడ్డుకీ మధ్యలో మాత్రం నిలబడకండి. నీళ్లతో నిండిన పడవని కెరటం మోకాళ్ల మీదికి విసిరితే విరుగుతాయి. సముద్రం వైపు దిగి, వెనక నుంచి పట్టుకోవాలి. పాపని గైడ్ దింపేదాకా మీరెవరూ పరిగెత్తుకుంటూ ఎదురు వెళ్లొద్దు, కారణం ఇదే.

వెళ్లే ముందు సముద్రం ఎలా ఉంటుందో చూసుకోవాలి. దానికి మీ ఊళ్లోనే ఆఫీసు ఉంది. హైదరాబాద్ ప్రగతినగర్ దగ్గరి ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, తీరం మొత్తానికీ అలల ఎత్తు, గాలి, ప్రవాహం ముందే చెప్తుంది. మత్స్యకారులకోసం ఇచ్చే హెచ్చరికలు కూడా అందులోనే ఉంటాయి. అలల ఎత్తు మీటరు లోపు ఉంటే వెళ్లండి. మీటరు దాటితే గైడ్‌ని అడిగి, మీలో కొత్తవాళ్లని ఒడ్డునే ఉంచండి. మీటరున్నర అంటే ఆ రోజుకి కయాక్ లేదు. ఈ అంకెలు నా లెక్క, కొత్తవాళ్లకోసం కాస్త భయస్తుడి లెక్కే. డిసెంబరు అంటే తుఫానుల కాలం ఇంకా పూర్తిగా పోలేదు. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. తుఫాను దాకా అక్కర్లేదు, ఎక్కడో అండమాన్ దగ్గర అల్పపీడనం ఉన్నా ఇక్కడ ఎండ కాస్తుండగానే సముద్రం రేగుతుంది. ఆకాశం చూసి నిర్ణయించకండి. ఒడ్డున వలలు సర్దుకుంటున్న జాలర్లు ఉంటే ఒక్కమాట అడగండి. "గాలి మారకముందే వచ్చీయండి బాబూ" అంటే వెళ్లొచ్చని. తెప్పలన్నీ ఇసుక మీదే బోర్లించి ఉండి, ఎవరూ నీళ్ల వైపు చూడట్లేదంటే మీరూ చూడక్కర్లేదు.

ఎనిమిదికల్లా ఒడ్డున ఉంటారు. మంచినీళ్లతో కడుక్కుని, పొడి బట్టలు వేసుకుని టిఫిన్ చేయండి. పొద్దున కయాక్‌కి ముందు మాత్రం అరటిపండు, రెండు బిస్కెట్లు చాలు. పూరీ తిని ఎక్కితే ఊయలూపే నీళ్లలో అది లోపల ఉండదు.

తర్వాత తొట్లకొండ. రుషికొండ నుంచి భీమిలి రోడ్డులో ఇరవై నిమిషాల లోపు వస్తుంది. కారు పైదాకా వెళ్తుంది, దాన్ని వెళ్లనివ్వకండి, లేకపోతే అది నడకే కాదు. కింద ద్వారం దగ్గర ఆపి మెలికలు తిరిగే ఆ రోడ్డు మీదే ఎక్కండి. కొండ ఎత్తు సముద్రమట్టం నుంచి 128 మీటర్లే, పాపతో కూడా ముప్పావుగంటకి మించదు. పొదల్లోంచి అడ్డదారులు కనిపిస్తాయి, ఇంటర్నెట్‌లో కూడా వాటిని గొప్పగా చూపిస్తుంటారు. తెలిసినవాళ్లు వెంట లేకుండా వద్దు. పాములున్నాయి, కొన్నిచోట్ల దారి కంచెలకి తగిలి ఆగిపోతుంది.

పైన ఉన్నది రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. 1976లో నేవీ వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుండగా బయటపడింది, 1980ల చివర నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. స్తూపాలు, చైత్యాలు (ప్రార్థన మందిరాలు), భిక్షువులు ఉండే గదుల పునాదులు వరసగా కనిపిస్తాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయి. పైన నిలబడి సముద్రం వైపు చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. వచ్చే ఓడా పోయే ఓడా ఏదీ ఇక్కడి కంటపడకుండా పోదు. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. కొండ కొప్పున ఊట లేదు, ఏరు లేదు. పడిన వాననే దాచుకుని అంతమంది ఏడాది పొడవునా బతికారు. పాపకి అంచులు జాగ్రత్త. గోడల మీద ఎక్కి ఫొటోలు వద్దు, ఇటుకలు వదులుగా ఉంటాయి. దగ్గర్లోనే బావికొండ, భీమిలి వైపు పావురాళ్ళకొండ కూడా ఇలాంటివే, కానీ ఒకే రోజు మూడూ చూడాలనుకోకండి. నీడ తక్కువ కాబట్టి పదకొండున్నరకల్లా దిగిపోండి.

దిగాక ఓపికుంటే రోడ్డు దాటి మంగమారిపేట ఒడ్డున ఉన్న సహజ శిలాతోరణం చూడొచ్చు. నీళ్లు తగ్గి ఉన్నప్పుడే దగ్గరికి పోగలరు. విశాఖలో పౌర్ణమి, అమావాస్యలప్పుడు కూడా పోటుకీ పాటుకీ తేడా మీటరున్నర లోపే, అయినా ఆ రాళ్ల దగ్గర అదే ఎక్కువ. రాళ్ల మీద పాచి ఉంటుంది, ఎక్కొద్దు.

భోజనం ఎక్కడన్నది మీ ఇష్టం. ఆ రోడ్డు పొడుగునా హోటళ్లున్నాయి. చేపల పులుసు దొరికితే వదలకండి, కానీ తిన్నాక గంటైనా నడుం వాల్చండి. పొద్దున తెడ్డు వేసిన భుజాలు అప్పుడే తెలుస్తాయి.

సాయంత్రం ఎర్రమట్టి దిబ్బలకి మూడింటికి చేరండి. రోజులో మీరు గుర్తుపెట్టుకునే నడక ఇదే అవుతుంది. జీడిమామిడి, సరుగుడు తోటల పక్కనుంచి దిగగానే నేల రంగు మారిపోతుంది, గోడలు లేస్తాయి, వంపులు తిరిగే సన్నటి లోయల్లోకి వెళ్తారు. అడుగున ఇసుక మెత్తగా, చల్లగా ఉంటుంది, చెప్పులు విప్పి నడవొచ్చు. పక్క గోడలు చేత్తో ముట్టుకుంటే రాయిలా కనిపించేది పిండిలా రాలుతుంది. వాన కోసిన గాట్లలోంచి చెట్ల వేళ్లు గాల్లోకి వేలాడుతుంటాయి. అదంతా రాయి కాదు, ఇసుకే. చివరి మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అప్పుడు బయటపడిన సముద్రపు అడుగు ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ కుప్పపోసింది. అందులోని ఇనుముతో కూడిన ఖనిజాలు వేల ఏళ్లుగా తుప్పుపట్టి ఇసుక గింజలకి ఎర్రటి పూత పట్టించాయి. ఇలాంటివి మనకి దగ్గర్లో తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో ఉన్నాయి. 2014లో భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ దీన్ని భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

అది ఇసుక కాబట్టే రెండు జాగ్రత్తలు. దిబ్బల అంచుల మీద నిలబడకండి, కింద డొల్లగా ఉండొచ్చు. గోడలు ఎక్కి జారడం అసలొద్దు, సినిమా షూటింగుల్లో చేశారని మనం చేయక్కర్లేదు. ఒక్క మనిషి జారిన గాటులోంచి వచ్చే వానకి ఒక కొత్త కాలవ పడుతుంది. లోయలన్నీ ఒకేలా ఉంటాయి, మలుపుల దగ్గర దారి గుర్తుపెట్టుకోండి, ఫోన్‌లో మీరు దిగిన చోటు గుర్తు వేసుకోండి. నాలుగున్నర తర్వాత ఏటవాలు ఎండలో ఆ ఎరుపు నిమిషనిమిషానికీ మారుతుంది, ఫొటోలు అప్పుడు తీసుకోండి. ఐదుంబావుకల్లా పైకి వచ్చేయాలి. డ్రోన్ తెస్తానన్నారు, తేవద్దు. తూర్పు నౌకాదళం కేంద్రం వైజాగ్‌లోనే ఉంది, ఈ రోడ్డులోనూ నేవీ స్థలాలున్నాయి. ఆ గొడవ మీకెందుకు?

భీమిలి చీకటి పడే వేళకి వెళ్లండి, అరగంట చాలు. డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్ అన్నీ దగ్గర దగ్గరే. గోస్తని నది సముద్రంలో కలిసే చోట నీళ్లు అమాయకంగా కనిపిస్తాయి, పిల్లల్ని కాళ్లు తడుపుకోనివ్వాలనిపిస్తుంది. బొర్రా గుహల నుంచి వచ్చే ఏరు అది. పాటు సమయంలో నీళ్లు సముద్రంలోకి గట్టిగా లాగుతాయి, అక్కడ మాత్రం దిగకండి. ఒడ్డున ఇసుకలో నల్లటి చారలు, వాటి పక్కనే లేత గులాబీ రంగు చారలు పాపకి చూపించండి. నల్లవి ఇల్మెనైట్, గులాబీవి గార్నెట్. అయస్కాంతం ముక్క ఒకటి తెచ్చుకుంటే నల్ల ఇసుకలోంచి కొన్ని గింజలు అంటుకొస్తాయి. వెనక్కి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన తేగలు అమ్ముతుంటారు, సీజన్ అదే. కాల్చినవి అడగండి.

సామాను గురించి అడిగారు. కయాక్‌కి జీన్స్ వద్దు, త్వరగా ఆరే పొడుగు చేతుల చొక్కా, వెనక పట్టీ ఉన్న చెప్పులు. నీళ్లలోకి ఫోన్ తీసుకెళ్తే నీరు చొరని సంచిలో పెట్టి పడవకి కట్టండి, కళ్లజోడుకి తాడు వేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. సన్‌స్క్రీన్ ఆరింటికే రాసుకోండి, నీళ్ల మీద ఎండ రెండు వైపుల నుంచీ కొడుతుంది. ఫోన్‌లో 112తో పాటు కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసుల 1093 నంబర్లు వేసుకుని ఉంచండి. ఒడ్డున ఉండేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ఫోన్‌లో కూడా.

ఇక ఆ రోజు సముద్రం బాగోలేదనుకోండి, కయాక్ తీసేసి పొద్దున ఆరున్నరకే తొట్లకొండ ఎక్కండి, లేత ఎండలో సముద్రాన్ని పైనుంచి చూడండి. మిగతాదేమీ మార్చక్కర్లేదు.

రైలు సంగతి. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో ఎక్కి శనివారం తెల్లారి వైజాగ్‌లో దిగి సరాసరి బీచ్‌కి వస్తామన్నారు. రైలు అరగంట లేటైతే నేల గాలి సమయం పోయినట్టే, పైగా నిద్ర లేని ఒంటితో సముద్రంలోకి దిగుతారు. గురువారం రాత్రి బయల్దేరండి. సెలవు దొరకకపోతే శనివారం దిగి ఊరు చూసుకుని, ఈ ప్లాన్ మొత్తాన్ని ఆదివారానికి జరపండి. ఆదివారం జనం ఎక్కువ, కానీ పొద్దున ఆరున్నరకి రుషికొండలో ఆదివారమైనా పెద్దగా ఎవరూ ఉండరు.